గుర్రం గుండం

మా ఇంట్లో చేప అన్న మాట పలకరు. ప్రొద్దుటూరులో మా వీధి మొదట్లో గంప దిగితే చాలు, మా అమ్మ కిటికీ మూసి "నీళ్ళలోవి వచ్చినట్టున్నాయి" అనేది. కప్ప, తాబేలు, ఎండ్రకాయ, చేప, అన్నీ ఆమెకు నీళ్ళలోవే. మా నాయన కోర్టు గుమాస్తా. చేపల తగాదా ఏదైనా కాగితం మీదికి వస్తే ఆయన "సదరు పదార్థం" అని రాసి, వెంటనే చేయి కడుక్కునేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి ప్రభుత్వం ఏరి కోరి, చెరువులో ఏమేమి బతుకుతున్నాయో చూసి రాయమని పంపింది. ప్రభుత్వానికి హాస్యం తెలియదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మూటలు కట్టుకుని పోయిన కొత్తలు. కొత్తగా బ్లాకు ఆఫీసులు వచ్చాయి, వాటి కింద గ్రామసేవకులు వచ్చారు. నేను జమ్మలమడుగు నుంచి పులివెందుల వైపు పోయే దారిలో, సైకిలు దిగి నెట్టుకుంటూ పోవలసిన ఒక ఊరికి సేవకుణ్ణి. ఉద్యోగం టెంపరరీ. ఏడాది తిరిగేసరికి బి.డి.ఓ. గారు మెచ్చితే పర్మనెంటు. మెచ్చకపోతే ప్రొద్దుటూరు, మా నాయన, సదరు పదార్థం.

జమ్ము ఒడ్డున పెరుగుతుంది, మడుగు లోతుగా ఉంటుంది. జమ్మలమడుగులో ఆ రెండూ ఉన్నాయి, మధ్యలో మునగడానికే జనాన్ని పెట్టారు అని నేను అనేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు. ఒకరు నవ్వితే ఇంకొకటి అనకుండా ఉండలేను. పొగరు కాదు, దగ్గు లాంటిది.

చెరువుల్లో చేపపిల్లలను వదలాలని పథకం వచ్చింది. దానికి ముందు ఒక ఫారం నింపాలి. ఫారంలో మూడు గళ్ళు: ఒడ్డు నీళ్ళు, నడిమి నీళ్ళు, అడుగు నీళ్ళు. ఏ గడిలో ఏ జీవాలున్నాయి, ఏమి తింటాయి, ఎండాకాలం ఎక్కడికి పోతాయి, అన్నీ రాయాలి. నాకు ఈత రాదు. చేపల్లో దేని పేరూ తెలియదు. అందుకని నీరుగంటి దగ్గరికి పోయాను.

నీరుగంటి అంటే ఏ మడికి ఎంత నీళ్ళు వదలాలో చూసే మనిషి. తూము బిరడా చెరువు అడుగున ఉంటుంది. పంటల కాలంలో ఆయన మునిగి, చేత్తో తడిమి, దాన్ని తీయాలి, మళ్ళీ మూయాలి. పంట పండితే కల్లంలో ఆయనకు ఇన్ని చేటల గింజలు పోస్తారు. పండకపోతే పోయరు. మా సీమలో ఈ రెండో మాటే ఎక్కువసార్లు చెప్పుకోవాలి. ఆయనా, ఆయన భార్య ముసలామే కట్ట అవతల కొట్టంలో ఉండేవాళ్ళు.

నేను పోయిన రోజు నా కాళ్ళ వైపు చూసి, "చెప్పులు ఇడిసి రా సామీ. చెప్పులకు చెరువు తెల్దు" అన్నాడు.

మొదటి గడి మోకాలి లోతు. జమ్ము, తుంగ, నీటి కింద కాడలకు అంటుకున్న నత్తగుడ్లు. ఆయన వంగి ఒక కాడ పక్కకు తీసి చూపించాడు. మట్టిరంగులో వేలి కణుపంత పురుగు ఒకటి తోకకప్పను పట్టుకుని తలవైపు నుంచి తింటోంది. తల అప్పటికే లేదు. తోక ఇంకా ఈదుతోంది.

"ఏంది తాతా ఇది?"

"తూనీగ పిల్ల. రెక్కలొచ్చినాక పువ్వుల మింద ఎగురుతాంటే, పెద్దోళ్ళు సూసి పాటలు కడ్తారు."

ఒడ్డు అంటే అన్ని జీవాలూ పిల్లల్ని పెట్టే చోటు అని రాసుకున్నాను. ఆ పిల్లల్ని తినేవాళ్ళు కాపురముండే చోటు కూడా అదే. ఎండ, వెచ్చదనం, దాక్కోడానికి గడ్డి. దాక్కున్నవాడి పక్కనే దాక్కున్నవాడు.

నడిమి నీళ్ళలోకి తెప్ప మీద పోయాం. అక్కడ నీళ్ళే ఆకుపచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనం కంటికి ఆనని నాచు. పరిగెలనే చిన్న చేపలు దాన్ని తింటాయి, పక్కెలు ఇంకొంచెం పెద్దవాటిని తింటాయి, నీటికాకి మునిగి అందరినీ తింటుంది. దాక్కోడానికి ఒక్క కాడ ఉండదు. అందుకే అవి గుంపుగా తిరుగుతాయట. గుంపులో ఉంటే బతుకుతారని కాదు, పక్కవాడు ముందు పోతాడని.

"మరి అడుగు?" అన్నాను.

"అడుగుకు ఎండ పోదు. పైన సచ్చేదంతా కిందికొస్చాది. కిందుండేటోడు ఎవుర్నీ సంపబన్లే. నోరు తెర్సుకోని కూసుంటే సాలు."

"మన కరణం మాదిరి."

ముసలాయన తెప్ప ఊగేలా నవ్వాడు. నాకు సంతోషమయింది. నన్ను ఆయనకు దగ్గర చేసింది ఆ నవ్వే. ఆ దగ్గరతనం ఆయనకేమి తెచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అడుగు చూపించమంటే ఆయన వేలెత్తి ఒక మాట చెప్పాడు. "అడుగు సూడాలంటే నన్నడుగు. నువ్వు మాత్రం అడుగు పెట్టొద్దు." ఈ మాట ఆయన చాలామందికి చెప్పి ఉంటాడు, అరిగిన నాణెంలా నున్నగా ఉంది.

అడుగు అంటే ఆ చెరువులో ముఖ్యంగా ఒక్క చోటే: తూముకు పదిబారల దూరంలో గుర్రం గుండం. కట్ట పోసేటప్పుడు మట్టి తవ్విన గుంత. చెరువంతా ఎండినా అక్కడ రెండు నిలువుల నీళ్ళుంటాయి. తెల్లదొరల కాలంలో ఒక దొర గుర్రమెక్కి వచ్చి అందులో దిగబడ్డాడట. దొరను తాళ్ళేసి లాగారు, గుర్రం పోయింది. అప్పటినుంచి అది అడుగునుండి ఊపిరి వదులుతుంది, బుడగలు వస్తాయి. అప్పుడప్పుడు పైకి వచ్చి గుటక వేసి పోతుంది. గంపగానీ వలగానీ పట్టుకుని దిగినవాడి కాలు కొరుకుతుంది. ఊళ్ళో ఒక్కరూ దిగరు. గుర్రం గడ్డి కదా తినేది, కాలెందుకు కొరుకుతుంది అని అడిగాను. "సచ్చినాక రుచులు మారవా?" అన్నాడు ఊళ్ళో టీ హోటలాయన.

ఫాల్గుణం దాటేసరికి చెరువు రోజుకింత చొప్పున వెనక్కి నడవసాగింది. నిన్న ఒడ్డు ఉన్నచోట ఈరోజు పగుళ్ళు. నత్తలు మూతలు బిగించుకుని మట్టిలో కూర్చున్నాయి. కప్పలు తమను తామే పాతిపెట్టుకున్నాయి. ఆ పని చేతకానివి, పరిగెలు, పక్కెలు, జెల్లలు, నీళ్ళ వెంట నడిచాయి. ప్రతి గుంటా కొంచెం చిన్నదవుతుంది, ప్రతి గుంట చుట్టూ కొంగలు కొంచెం దగ్గరగా నిలబడతాయి. కొంగకు తొందర ఉండదు. ఎండ దాని పక్షాన పనిచేస్తోంది. చివరికి మూడు గళ్ళూ గుర్రం గుండంలోకి దిగి ఒకటయ్యాయి.

ఒకరోజు తెల్లవారుజామున నేను చెంబు పట్టుకుని కట్ట దిగుతుంటే గుండం అంచున నడుము లోతులో నీరుగంటి కనిపించాడు. చేతిలో నా మోచేయంత కొరమీను. గుర్రం ఆయన్ను కొరకడం లేదు. నన్ను చూసి ఒడ్డుకొచ్చి కూర్చున్నాడు.

"నా గుర్రమే సామీ అది. మా నాయన సాకినాడు, నేను సాకుతాండా."

పంట లేని ఏడు గింజలుండవు. అప్పుడు గుండమే ఆయన కల్లం. నాలుగు రోజులకొక చేప. ముసలామె దాన్ని చీల్చి ఎండేసి, ఇళ్ళ వెనక వాకిళ్ళలో జొన్నలకు మార్చుకుంటుంది. ఆ జొన్నలతో వాన పడేదాకా ఇద్దరూ బతుకుతారు. ఎన్ని పట్టినా రెండు జతల కొరమీన్లను ముట్టడు. వానకు చెరువు నిండితే మళ్ళీ చేప పుట్టేది వాటినుంచే. గుటక వేసేది ఆ కొరమీనే. దానికి నీళ్ళలోని గాలి చాలదు, పైకొచ్చి మింగిపోవాలి.

"ఊరోళ్ళకు తెలిస్తే ఒక్క పొద్దులో ఊడ్చుకపోతారు. ఇత్తనం గూడా మిగలదు. ఈ యేడు పంట పాయ గదా. నాకుండేది ఆ గుర్రం ఒగటే. నీ నోట్లో పెడ్తాండా సామీ, మింగు, ఉమ్మొద్దు."

"మా ఇంట్లో నీళ్ళలోవి నోట్లో పెట్టుకోరు తాతా" అన్నాను. మళ్ళీ నవ్వాడు. చెప్పనని మాటిచ్చాను. ఇంటికి పోయి మూడో గడి నింపాను: గుండం లోతు, కొరమీన్లు, జెల్లలు, బురదలో ఎర్రపురుగులు, అన్నీ వివరంగా. ఫారం ఎవరు చదువుతారు? ఆఫీసులో కాగితాలు చదవరన్నది నాకున్న ఒకే ఒక నమ్మకం.

చైత్రంలో బి.డి.ఓ. గారు జీపులో వచ్చారు. కోస్తా మనిషి. మా మాట వింటే ఆయనకు ఎవరో తిడుతున్నట్టుండేది. మునసబు, కరణం, హోటలాయన, ఇంకో నలభై మంది ఆయన్ను చెరువు దగ్గరికి తీసుకుపోయారు. నీరుగంటి చివర్న నిలబడ్డాడు. గుండం దగ్గరికి రాగానే కరణం గొంతు తగ్గించి గుర్రం కథ అందుకున్నాడు. చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి, దొర అరిచిన అరుపు కూడా అరిచి చూపించాడు. సరిగ్గా అప్పుడే గుండంలో బుడగలు లేచాయి. నలభై మందీ రెండడుగులు వెనక్కి పోయారు.

నేను ముందుకు పోయాను.

కరణం అంత బాగా చెప్పడం నచ్చలేదు. అందరూ అంత గంభీరంగా ఉండడం చూస్తే దగ్గు వచ్చింది. గుర్రం లేదని చెప్పినంత మాత్రాన చేప ఉందని చెప్పినట్టు కాదని కూడా ఆ క్షణంలో నాకు నేను వాదించుకున్నాను. గుమాస్తా కొడుకును గదా.

హోటలాయన దగ్గర ఒక గాజు సీసా అడిగి, నీళ్ళు నింపి, గుండంలో బోర్లించాను. కర్రతో బురద కదిలిస్తే బుడగలు సీసాలోకి ఎక్కాయి. పైకి తీసి అగ్గిపుల్ల గీశాను. బుస్సుమని, ఉందో లేదో తెలియనంత నీలంగా మంట.

"గుర్రం కాదండీ. కింద ఆకులూ అలములూ కుళ్ళి వచ్చే వాయువు. చెరువుకు అజీర్ణం."

మొదట బి.డి.ఓ. గారు నవ్వారు, తర్వాత మునసబు, తర్వాత ఊరంతా. ఇంకో సీసా, ఇంకో మంట. పిల్లలు నా వెనక ఎగిరారు. గుర్రం అందరి ముందూ చచ్చిపోయింది, రెండోసారి.

"అయితే ఈ అడుగున కుళ్ళు తప్ప బతికున్నదేమీ లేదన్నమాట" అన్నారు బి.డి.ఓ. గారు.

నేను 'చిత్తం' అంటే సరిపోయేది. అబద్ధాన్ని ఆయనే విప్పి, మడతపెట్టి, నా చేతిలో పెట్టారు. చివర్న నీరుగంటి నా నోటివైపు చూస్తున్నాడు.

"లేకేమండీ" అని నేను సంచిలోంచి ఇంకా పంపని ఫారం తీశాను.

మూడో గడి మొత్తం చదివాను. బాగానే చదివాను. కొరమీను పేరు వినగానే బి.డి.ఓ. గారి ముఖం వెలిగింది. కోస్తాలో అది కూర. "అంత లోతులోంచి ఎలా పడతారు?" అని అడిగితే, అడుగు బురద బాగా కలిస్తే చేపకు ఊపిరాడదనీ, తానే పైకి వస్తుందనీ కూడా చెప్పాను. "మంచి పరిశీలన" అన్నారాయన. జీపు పోయింది.

మరుసటి రోజు పొద్దెక్కేసరికి ఊరు గుండంలో ఉంది. గంపలు, బొక్కెనలు, పాత చీరలు, మునసబు ఇంటి నీళ్ళు తోడే గూడలు. ఒక పక్క నీళ్ళు ఎత్తిపోస్తున్నారు, ఒక పక్క వరసగా నిలబడి బురద తొక్కుతున్నారు. నా పాఠం ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమయింది. బడిపంతుళ్ళకు ఇంత అదృష్టం ఉండదు. నీళ్ళు నల్లగా మారాయి. మొదట పరిగెలు తెల్లకడుపులు చూపిస్తూ తేలాయి, తర్వాత జెల్లలు, తర్వాత పెద్దవి నోళ్ళు తెరుచుకుని పైకి వచ్చాయి.

కొరమీను నీళ్ళు లేకున్నా చాలాసేపు బతుకుతుందని ఫారంలో మెచ్చుకుంటూ రాశాను. ఆ పొద్దు అదే దాని ఖర్మయింది. గంపలోంచి దూకి గుండం వైపు మట్టిలో పాకేవి. ఒకామె గంపలోంచి ఒకటి మూడుసార్లు దూకింది. రెండుసార్లు ఆమె నవ్వుతూ ఎత్తి వేసుకుంది. మూడోసారి రాయి తీసుకుంది.

ఒక మూల నీళ్ళ మీద ఎర్రగా చింతపండు ముద్దలా ఏదో కదులుతోంది: కొరమీను పిల్లలు, వందలు, ఒకే గుంపుగా. వాటి కింద తల్లీ తండ్రీ. పిల్లల్ని వదిలి పోవు. కాబట్టి పట్టడం తేలిక. నీరుగంటి కట్ట దిగి వచ్చి ఆ మూల చేతులు అడ్డం పెట్టాడు.

"ఆ జత నొక్కటి ఇడిసిపెట్టండప్పా. ఇత్తనం. వానొస్తే మీకే గదా."

గూడ పట్టుకున్న ఒక కుర్రాడు అన్నాడు: "గుర్రం పిల్లలేమో మామా! పెద్దయినాక బండికి కట్టుకుందువులే, అడ్డం లెయ్!"

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. మాట బాగుంది, నాకు తట్టలేదే అని కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. ముసలాయన నవ్వినవాళ్ళలో నన్నొక్కణ్ణే చూశాడు. చేతులు దించి పక్కకు పోయాడు. గంప దిగింది, జత పైకి వచ్చింది. ఎర్రటి పిల్లల గుంపు కాసేపు అక్కడే గుండ్రంగా తిరిగింది, కింద ఎవరూ లేరని తెలియక. మధ్యాహ్నానికి కొంగలు ఆ పని ముగించాయి.

సాయంత్రం మునసబు మనిషి నా గదికి ఆకులో చుట్టిన చేప తెచ్చాడు. "నీ వాటా సామీ. సూపిచ్చింది నువ్వే గదా." దాన్ని నీరుగంటికి ఇవ్వమని పంపాను. ఆయన విసిరి కొడతాడనుకున్నాను. అలా జరిగి ఉంటే రాసుకోడానికి బాగుండేది. ముసలామె తీసుకుని, చీల్చి, ఎండేసిందట.

ఆ ఒక్క చేప ఎన్ని రోజులు వస్తుంది? వైశాఖంలో ఇద్దరూ మూట కట్టుకుని నాపరాయి గనికి పోయారు. జ్యేష్ఠంలో నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. 'మూఢనమ్మకాల నిర్మూలనలో చొరవ' అని అందులో ఒక వాక్యం. మా నాయన దాన్ని నాలుగుసార్లు చదివించుకున్నాడు.

ఆ యేడు వాన ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చింది. చెరువు నిండింది. నాట్లు వేశారు. తూము తీయబోతే బిరడా రాలేదు. ఒకడు మునిగి ఏమీ తడమలేక ముక్కులో నీళ్ళతో పైకి తేలాడు. ఇంకొకడు మునిగి వేరే రాయి పీకాడు. ఆ అడుగు తెలిసిన చేతులు ఊళ్ళో లేవు. మునసబు నన్ను పిలిపించాడు.

"నువ్వు పంపినోడే గదప్పా, నువ్వే పిల్చకరా."

జొన్నలు ఒక సంచి సైకిలుకు కట్టుకుని గనికి పోయాను. నీరుగంటి రాళ్ళ నీడలో కూర్చుని ఉన్నాడు. ఎడమ పాదానికి గుడ్డ చుట్టి ఉంది, పాదం ఉండవలసినంత పొడవు లేదు. ముసలామె అవతల కంకర మోస్తోంది. మా వైపు రాలేదు.

"ఏమయింది తాతా?"

"బండ పడె. అడుగు పాయ." సంచి వైపు చూశాడు. "ఏంది అది?"

"జొన్నలు."

"నంజుకునేదానికి?"

నా దగ్గర మా అమ్మ పంపిన చింతకాయ తొక్కు సీసా ఉంది. తీసి పెట్టాను. దాన్ని ఎండకు ఎత్తి, అడుగు నుంచి చూశాడు.

"ఇది అంటుకోదు గదా?"

"అంటుకోదు తాతా."

"ఎవురికి తెల్చు, నువ్వు అగ్గిపుల్ల గీసినాక." సీసా పక్కన పెట్టాడు. "నిన్ను పర్మనెంటు చేసినారంట గదా?"

"చేసినారు."

"మంచిది. నా గుర్రం గూడా పర్మనెంటే అనుకుంటి."

బిరడా సంగతి చెప్పాను. ఎక్కడ పట్టుకోవాలి, ఎటు తిప్పాలి, నోటితోనైనా చెప్పమన్నాను. ఆయన కాలి గుడ్డ సర్దుకుంటూ, "ఊరంతా గుండంలో దిగి తొక్కినారు గదా. వాళ్ళ కాళ్ళకు తెల్చుంటాది. అడుగుపో" అన్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి నాట్లు వాడుతున్నాయి. నాలుగో రోజు ఓపిక చచ్చి గడ్డపారలతో తూమునే పగలగొట్టారు. నీళ్ళు వచ్చాయి. ఆపడం ఎవరి తరమూ కాలేదు. మళ్ళు మునిగాయి, నారు కొట్టుకుపోయింది, వారం తిరిగేసరికి చెరువు అడుగు ఎండకు మెరుస్తోంది. అలవాటు చొప్పున జనం గంపలు తీసుకుని గుర్రం గుండానికి పోయారు. కాసేపు తొక్కారు. బురద కలిసింది. ఏమీ పైకి రాలేదు.

కొత్త ఫారం వచ్చింది. ఒడ్డు గడిలో 'జమ్ము' అని రాశాను. నడిమి గడిలో 'నీళ్ళు లేవు' అని రాశాను. అడుగు గడిలో ఏమి రాయాలో అడగడానికి మనిషి లేడు. 'నిల్' అని రాసి పంపాను. ఆఫీసులోనూ ఎవరూ ఏమీ అడగలేదు.